ఉప్పునీళ్ళలో చెయ్యి

భార్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది ముగ్గురనుకోవచ్చు: అల్లుడు, అత్తగారు, హాల్లో కిటికీ పక్కనున్న సముద్రపు చేపల తొట్టి. తొట్టిని మనిషి కింద లెక్కెయ్యడం వింతగానే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఇంట్లో కాస్తోకూస్తో చప్పుడు చేసింది అదొక్కటే. దాని మోటారు పొద్దస్తమానం గుడగుడలాడుతుండేది. మనుషులిద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా తిరిగేవారు.

అల్లుడిది కళ్ళజోళ్ళ దుకాణంలో పని. చీటీలో రాసిన ప్రకారం అద్దాన్ని మిషను మీద అరగదీసి, ఫ్రేములో కూర్చి, ఆవగింజంత మరల్ని బిగిస్తాడు. ఎంత వంకరపోయిన జోడైనా అతని చేతిలో పడితే తిన్నగా రావాల్సిందేనని పేరు. అద్దాల అంచులు కోసుకుని వేళ్ళ మీద ఎప్పుడూ ఏవో గీతలు ఉండేవి. వాటిని పట్టించుకునేవాడు కాదు. వడ్రంగి చేతికి కాయలున్నట్టే తన చేతికి గీతలు.

భార్య ఒక పెద్ద ఆఫీసులో టెలిఫోన్ల దగ్గర కూర్చునేది. ఒకనాటి ఉదయం ఎవరికో లైను కలుపుతూ కలుపుతూనే బల్ల మీదకి వాలిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. దుకాణానికి కబురొచ్చినప్పుడు అతని చేతిలో సగం బిగించిన జోడుంది. మిగతా సగం బిగించాడు. అద్దాలు గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టి, అప్పుడు లేచాడు. అలా ఎందుకు చేశాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి అంతుపట్టలేదు. ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. చుట్టాలు ఎదురుగా గుండె దిటవైనవాడన్నారు, పక్కకి వెళ్ళి రాయి అన్నారు. రెండూ అతని చెవిన పడ్డాయి. రెంటికీ తేడా ఏమీ తోచలేదు.

అత్తగారు అంతకు ముందు నుంచీ కూతురి దగ్గరే ఉండేది. కర్మకాండలు అయ్యాక ఆవిడ తమ్ముడు వచ్చి తనతో రమ్మన్నాడు. నాలుగు రోజులాగి వస్తానంది. నాలుగు రోజులు నెలలయ్యాయి. ఆవిడ వెళ్ళలేదు, ఎందుకు వెళ్ళలేదని అతను అడగలేదు. అసలు వాళ్ళిద్దరి మధ్య నేరుగా మాటలు తక్కువ. "అమ్మా, ఆయనకి కాఫీ ఇచ్చావా" అనీ, "ఏమండీ, అమ్మ మందులు అయిపోయాయట" అనీ ఇటు మాట అటు, అటు మాట ఇటు మధ్యలో కూతురే చేరవేసేది. ఆఫీసులోనే కాదు, ఇంట్లోనూ భార్యే ఎక్స్ఛేంజి అని అతను వేళాకోళం చేసేవాడు ఒకప్పుడు. ఇప్పుడు లైను కలిపేవాళ్ళు లేరు. అల్లుడూ అత్తా ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఎవరి కంచంలోకి వాళ్ళు చూస్తూ తిని లేచేవారు.

తొట్టి గురించి మాత్రం మాట్లాడక తప్పేది కాదు. "నీళ్ళు కొంచెం తగ్గినట్టున్నాయి బాబూ" అనేది ఆవిడ. "ఆదివారం చూస్తాను అత్తయ్యగారూ" అనేవాడు అతను. మేత వెయ్యడం ఆవిడ వంతు. నీళ్ళు మార్చడం, అద్దం గీకడం, రాళ్ళు సర్దడం అతని వంతు. ఎవరూ పంచలేదు, అలా కుదిరిపోయింది.

ఆ పనులన్నీ ఒకప్పుడు భార్యవి. ఆవిడకి ఆ తొట్టంటే ప్రాణం. ఆదివారం వచ్చిందంటే బకెట్లో సముద్రపు ఉప్పు కలుపుకుని, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, స్టూలెక్కి సగం ఒళ్ళు అందులోకి వంచేది. అతను సోఫాలో పడుకుని ఆవిడ వీపు చూస్తూ పేపరు చదివేవాడు. ఇప్పుడా గ్లౌజులు అతని చేతికి పట్టలేదు. ఒకటి బొటనవేలి దగ్గర పర్రున చిరిగింది. తీసి చెత్తలో వేశాడు. ఆడవాళ్ళు చేతులు మోటుబారకుండా వేసుకునే సరంజామా తనకెందుకులే అనుకున్నాడు. గొట్టం ఒక కొస తొట్టిలో పెట్టి, రెండో కొస నోటితో పీల్చి నీళ్ళు బకెట్లోకి దించేవాడు. ఒక్కోసారి గుక్కెడు నోట్లోకొచ్చేది. ఉమ్మేసి మూతి తుడుచుకునేవాడు.

ఒట్టి చేతిని మొదటిసారి నీళ్ళలో పెట్టినప్పుడు వేళ్ళ మీది గీతలన్నీ ఒక్కసారి చురుక్కుమన్నాయి. ఉప్పు మరి. అతను చెయ్యి తియ్యలేదు. భార్య పోయినప్పటి నుంచి అన్నం రుచి తెలియడం లేదు, ఎండా చలీ తెలియడం లేదు, ఎవరైనా భుజం మీద చెయ్యేస్తే పక్కవాడి భుజం మీద వేసినట్టుండేది. ఈ చురుకు మాత్రం తనదే. దాన్ని సుఖమనడానికి వీల్లేదు గానీ, ఏదో ఒకటి తెలుస్తోంది కదా అనిపించింది. పని అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉంచేవాడు. చేపలు చుట్టూ తిరిగి, చెయ్యి వాసన చూసి, తమకేమీ పనికిరాదని పోయేవి.

ఒక ఆదివారం పక్కకి ఒరిగిన రాయిని నిలబెట్టబోతే కుడి చూపుడువేలి కణుపు మీద తోలు లేచింది. ఉప్పునీళ్ళేగా, అదే మానుతుందనుకున్నాడు. అత్తగారు కూడా చూసి ఉప్పునీళ్ళు పుండుకి మంచివేనంది. మానినట్టే మానింది కూడా. కొన్ని వారాల తర్వాత అదే చోట బఠానీ గింజంత బొడిపె లేచింది. ఎర్రగా, నున్నగా ఉండేది. పెద్ద నొప్పి లేదు. అతనికి దాని మీద కోపమూ లేదు, భయమూ లేదు.

దుకాణం ఓనరు పోరగా పోరగా వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన చీము పట్టిందేమోనని మాత్రలు రాశాడు. తగ్గలేదు. ఇంకో డాక్టరు కీళ్ళవాతమని కణుపులోకి ఇంజెక్షన్ ఇచ్చాడు. నాలుగు రోజుల్లో వాపు చప్పున తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ లేచింది. ఈసారి ఒక్కటే రాలేదు. మణికట్టు దగ్గర ఒకటి, దాని పైన ఇంకొకటి, ముంజేతి మీద మరొకటి, చీమలు బారులు తీరినట్టు వరసగా పైకి పాకాయి. వేలు వంగడం మానేసింది. మరలు జారి కిందపడేవి. నేల మీద ఆవగింజంత మరని వెతకడం ఎలాంటిదో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఎవరో పెద్దాయన కోసం చేసిన అద్దం అంచు దగ్గర పెళుక్కున విరిగిననాడు, ఓనరు కొంచెం మొహమాటపడుతూ కొన్నాళ్ళు కౌంటరులో కూర్చోమన్నాడు. సరేనని వెళ్ళి కూర్చున్నాడు. ఇన్నేళ్ళ పని చేతిలోంచి పోతుంటే మనిషికి ఏదో ఒకటి అవ్వాలి కదా. అతనికి ఏమీ కాలేదు. కుర్చీ కాస్త ఎత్తుగా ఉందని మాత్రం అనిపించింది.

చివరికి చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆవిడ చెయ్యి పట్టుకుని, లైటు కిందికి తిప్పి, బొడిపెల వరసని వేలితో కింది నుంచి పైకి తడిమింది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాడు. అద్దాల గీతలు చూసింది. అవి కాదన్నట్టు తల ఊపింది.

"ఇంట్లో చేపలున్నాయా?"

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. ఉన్నాయన్నాడు. నీళ్ళు ఎవరు మారుస్తారంది. తనేనన్నాడు. గ్లౌజులు వేసుకుంటారా అంది. లేదన్నాడు. వేసుకునేది మా ఆవిడ, అనబోయి ఆగిపోయాడు. చేతుల సుకుమారానికని తను అనుకున్న గ్లౌజులు ఎందుకో ఇప్పుడు తెలిసింది. భార్యకి ఈ సంగతి తెలుసు. తనెప్పుడూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఇది టీబీ క్రిమికి చుట్టమని డాక్టరమ్మ చెప్పింది. దగ్గితే ఇంకొకరికి అంటదు, ఊపిరితిత్తుల జోలికి సాధారణంగా పోదు. దానికి ఒంట్లో చల్లగా ఉండే చోటు కావాలి, అందుకే వేళ్ళూ చేతులూ పట్టుకుంటుంది. తోలు బాగున్నంతసేపూ ఏమీ చెయ్యలేదు, గీత పడితే చాలు. కీళ్ళవాతమని ఇచ్చిన ఇంజెక్షన్ వాపుతో పాటు ఒంట్లోని కాపలాని కూడా పడుకోబెట్టింది, ఆ అదనులో ఇది పైకి పాకింది. చిన్న ముక్క కోసి పరీక్షకి పంపాలి, ఈ క్రిమి బద్ధకంగా పెరుగుతుంది గనక ఫలితానికి వారాలు పడుతుంది, ఈలోగా మందులు మొదలుపెడదామంది.

"ఉప్పునీళ్ళు కదా డాక్టరుగారూ, పుండుకి మంచిదే అనుకున్నాను."

"ఉప్పుకి అన్నీ చచ్చేటట్టయితే ఆ నీళ్ళలో చేపలెలా బతుకుతున్నాయి?" అందావిడ. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే. మనం పుక్కిలించే ఉప్పునీళ్ళు వేరనీ, ఇవి చేపలు తిని, విసర్జించి, ఒకటీ అరా చచ్చి నానే నీళ్ళనీ చెప్పింది. గొట్టాన్ని నోటితో పీలుస్తానంటే పెన్ను కింద పెట్టి చూసింది. తర్వాత ఇంకెవరైనా ఆ తొట్టిలో చెయ్యి పెడతారా అని అడిగింది.

"మా అత్తగారు మేత వేస్తారు. చెయ్యి పెట్టరు."

"ఆవిడకి షుగరుందా?"

"ఉంది."

అయితే ఆవిణ్ణి దాని దగ్గరికే పోనివ్వద్దంది. ఉప్పునీళ్ళలో ఉండే క్రిములన్నీ ఇలా తీరిగ్గా పాకేవి కావు, షుగరున్నవాళ్ళకి, లివరు బాగోలేనివాళ్ళకి పుండులోంచి దూరి చూస్తుండగానే ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఉన్నాయి. అరుదే. కానీ అరుదు కదా అని పందెం కట్టే వయసు కాదు ఆవిడది.

అతను బస్సెక్కాడు. ప్రతి సిగ్నలు దగ్గరా బస్సు ఆగింది. ఇంత నెమ్మదిగా నడుపుతున్నాడేమిటని డ్రైవరు మీద చిరాకు పడ్డాడు. చిరాకు పడి చాలా కాలమైందని తోచింది. స్టాపులో దిగి గబగబా నడిచాడు. ఎందుకో తెలియదు, చివరికి పరుగెత్తాడు.

తలుపు తీసేసరికి అత్తగారు స్టూలు మీదుంది. జాకెట్టు చేతులు పైకి లాక్కుని, మోచెయ్యి దాటి నీళ్ళలో పెట్టి, ఒరిగిన రాయిని నిలబెడుతోంది. అల్లుడి చెయ్యి బాగోలేదు కదా, ఆదివారం దాకా ఎందుకని.

"తియ్యండి," అన్నాడు. ఆ ఇంట్లో గొంతు పెద్దదవడం అదే మొదలు. ఆవిడ బెదిరి స్టూలు మీద తూలింది. అతను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని, దింపి, తిన్నగా కుళాయి దగ్గరికి తీసుకుపోయాడు. సబ్బు రాశాడు, కడిగాడు, మళ్ళీ రాశాడు. ఎన్నేళ్ళుగానో ఒకే కప్పు కింద ఉంటున్నారు గానీ, అతను ఎప్పుడూ ఆవిడ చెయ్యి ముట్టుకోలేదు, ఆవిడా అతని ముందు తల ఎత్తి నిలబడి ఎరగదు. కిటికీ దగ్గర కూర్చోబెట్టి, దుకాణంలో మరలు చూడటానికి వాడే భూతద్దం జేబులోంచి తీసి కంటికి పెట్టుకుని ఒక్కో వేలూ చూశాడు. బొటనవేలి పక్కన సన్నటి పగులుంది. పాత్రలు తోమే చేతుల్లో ఉండేదే. మిగతా అంతా బాగుంది. అయినా పట్టుకున్న చెయ్యి వదలడం మర్చిపోయాడు.

"ఏమైంది బాబూ?"

అతను చెప్పాడు. డాక్టరమ్మ చెప్పిన క్రమంలోనే, ఒకటి విడిచి ఒకటి కాకుండా చెప్పాడు. ఆవిడ విన్నది. విని తొట్టి వైపు చూసింది. అతను కూడా చూశాడు. ఇంక దాన్ని ఉంచలేమన్నాడు. తనకి ఎలా ఉన్నా పర్లేదు గానీ, అత్తయ్యగారికి దాని మీద మమకారమని తెలుసుననీ, కూతురు పెంచుకున్న చేపలు కదా అని ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాననీ అన్నాడు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుతో తుడుచుకుంది.

"నాకు మమకారమేమిటి బాబూ? దాని నీచు వాసనకి నాకు కడుపులో తిప్పుతుంది. మీరు ఆదివారం ఆదివారం అందులో చెయ్యి పెట్టుకుని అంతసేపు నిలబడుతున్నారు, దాని మీద ప్రాణం పెట్టుకున్నారు కాబోలని నేను మేత వేస్తున్నాను."

"నాకు వాటి పేర్లు కూడా తెలియవు."

"నాకూ తెలియవు."

ఇద్దరూ తొట్టి వైపు చూశారు. పసుపు చారల చేప ఒకటి అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచి మూసింది. నవ్వొచ్చే సంగతే. ఆవిడ పెదవులు కాస్త కదిలాయి గానీ నవ్వు వరకూ పోలేదు. అతనికి అంత కూడా రాలేదు. కానీ మాట మాత్రం వచ్చింది. మీరెందుకు ఉండిపోయారు అత్తయ్యగారూ, అని అడిగాడు. అడిగాక అది పొమ్మన్నట్టుందేమోనని నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ తప్పుగా తీసుకోలేదు. తమ్ముడింట్లో తన కూతురి పేరెత్తితే అందరూ ఏడుస్తారనీ, వాళ్ళని తనే ఓదార్చాల్సి వస్తుందనీ చెప్పింది. ఇక్కడ ఎవరూ ఏడవరు. "మీరు ఏడవరు కదా, నాకది బాగుంది. నాకూ రావడం లేదు. వాళ్ళందరి ముందు రాకపోతే బాగుండదు. మీ ముందైతే పర్లేదు." చేపలకి మేత వెయ్యాలని ఒక సాకు దొరికింది, అది పట్టుకుని కూర్చుంది. తొట్టి తీసేస్తే మరి ఆ సాకు ఉండదు.

"సాకు అక్కర్లేదు, ఉండండి," అన్నాడు అతను.  అదే మళ్ళీ అన్నాడు.

మర్నాడు ఆవిణ్ణి డాక్టరమ్మకి చూపించాడు. ఏమీ లేదన్నారు. వేలి మీద ఏం లేచినా ఆలస్యం చెయ్యకుండా రమ్మన్నారు. చేపలమ్మే అతను ఆ వారంలోనే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళిద్దరూ భుజాల దాకా గ్లౌజులు తొడుక్కున్నారు. చేపల్ని సంచుల్లోకి, రాళ్ళని మూతలున్న డబ్బాల్లోకి ఎత్తారు. కొన్ని రాళ్ళ మీద చిన్న చిన్న పూలలాంటివి అతుక్కుని ఉన్నాయి. వాటిలో విషమున్నవి ఉంటాయని, పాడైతే శుభ్రం చేద్దామని వేడినీళ్ళు పోసి గీకితే ఆ ఆవిరికే ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయని చేపలతను పని చేస్తూనే చెప్పాడు. అల్లుడు ఆ డబ్బాల వైపు మళ్ళీ చూశాడు. పోయిన నెలలో ఒక రాయిని అలా ఉడకబెట్టేద్దామా అనుకుని, బద్ధకించి మానేశాడు. బద్ధకం ఇంత మేలు చేస్తుందని ఎవరనుకుంటారు.

మోటారు ఆపగానే ఇల్లు చిన్నదైపోయినట్టయింది.

పరీక్ష ఫలితం డాక్టరమ్మ అన్నట్టే వచ్చింది. మందులు నెలల తరబడి మింగాడు. ఒక మాత్రకి ఒంటేలు నారింజ రంగులోకి తిరిగింది. ఇంకొకటి కంటిచూపుని దెబ్బతీస్తుందేమోనని, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందో లేదో అప్పుడప్పుడు చూసుకోమన్నారు. ఇంకెవరికైనా అది అవస్థే. దుకాణంలో కంటి పరీక్ష చేసే అమ్మాయి అతన్ని ఖాళీ సమయంలో కుర్చీలో కూర్చోబెట్టి రంగు చుక్కల అట్టలు చూపించేది. చుక్కల మధ్య అంకె కనబడుతున్నంత కాలం పర్లేదు. కనబడింది. వేలిని వంచే నరం చుట్టూ పేరుకున్నదాన్ని ఒకసారి కోసి శుభ్రం చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత రోజులు చాలా నొప్పి పెట్టింది. రోజూ వ్యాయామం పేరుతో వేలు వంచుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారేవి. అవి నొప్పికి వచ్చిన నీళ్ళే. వాటికి ఇంకో పేరు పెట్టడానికి అతను ఒప్పుకోలేదు, అత్తగారూ పెట్టలేదు. పక్కన కూర్చుని ఇంకో రెండుసార్లు వంచమనేది.

వేలు మునుపటిలా పూర్తిగా వంగలేదు. అతను స్క్రూడ్రైవరు మధ్యవేలితో పట్టడం నేర్చుకుంటున్నాడు. మొదట్లో ఎడమచేత్తో రాయబోయినవాడిలా తికమకపడ్డాడు. పిల్లల జోళ్ళూ, అద్దం చుట్టూ ఫ్రేము లేనివీ ఓనరు ఇంకా వేరేవాళ్ళకే ఇస్తున్నాడు. మామూలువి ఇతనికి తిరిగి ఇచ్చాడు.

తొట్టి పోయాక మొదటి ఆదివారం ఏం చెయ్యాలో ఇద్దరికీ పాలుపోలేదు. రెండో ఆదివారమూ అంతే. మూడోసారి ఆవిడే, వీధి చివరి దాకా నడిచొద్దామా బాబూ అంది. నడిచారు. ఆవిడకి ఆయాసం వచ్చి పార్కు గోడ పక్కన బెంచీ మీద కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. ఎదురుగా ఎవరో తండ్రి కూతురికి సైకిలు నేర్పుతున్నాడు. ఆ పిల్ల పడుతోంది, లేస్తోంది, తండ్రిని తిడుతోంది.

"మా పిల్ల కూడా నేర్చుకుంది, ఈ వయసులోనే," అంది ఆవిడ. కూతురి చిన్నప్పటి సంగతి అతనితో చెప్పడం అదే మొదటిసారి. సైకిలు వాళ్ళ మేనమామది, పెద్దవాళ్ళది, కాళ్ళందేవి కావు. ఒకరోజు ఎవరూ పట్టుకోకుండా బయల్దేరింది, ఆపడం తెలియక అలా ఊరంతా తిరిగింది.

అతను పిల్ల వైపే చూస్తున్నాడు. లోపల ఏమీ కదలలేదు. కదులుతుందేమోనని కాసేపు చూశాడు కూడా. కానీ ఆపడం తెలియని ఆ పిల్ల చివరికి ఎలా ఆగిందో తెలుసుకోవాలనిపించింది.

"తర్వాత?" అన్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.